సముద్రం వదలని రోడ్డు

ఫిబ్రవరి 3, మంగళవారం

అన్నయ్య సముద్రం చూడాలన్నాడు. దానికేం, ఇక్కడికి నాలుగు గంటలు, పొద్దున బయల్దేరితే సాయంత్రానికి ఇంట్లో ఉంటాం అన్నాను. అలా కాదట. రోడ్డు మొత్తం కావాలట. ఓడరేవు దగ్గర మొదలై, సముద్రం పక్కనే కొస దాకా వెళ్ళే ఆ పాత రోడ్డు. ఆరువందల నలభై కిలోమీటర్లు, ఒక్క గజం కూడా వదలకుండా.

నవ్వొచ్చింది నాకు. వారానికి మూడు పొద్దుటిపూటలు మెషిన్‌కి కట్టేసి ఉండే మనిషి. సోమ, బుధ, శుక్ర, ఆరు నుంచి పది దాకా డయాలసిస్. ఆరేళ్ళలో ఒక్కటి తప్పలేదు. రోజుకి ముప్పావు లీటరు నీళ్ళు, అదీ వదిన కొలిచి ఇవ్వాలి. ఈయనగారికి రోడ్ ట్రిప్పు.

ఎందుకంటే దానికీ కథ ఉంది. ఇరవై మూడేళ్ళ వయసులో ఆ రోడ్డు వెంట మంచినీళ్ళ పైపు వేసే గ్యాంగులో పనిచేశాడు. పన్నెండో కిలోమీటరు దగ్గర ఉండగా నాన్న పోయాడని కబురొచ్చి వచ్చేశాడు. మళ్ళీ వెళ్ళలేదు. ఇక్కడే ప్లంబర్‌గా స్థిరపడ్డాడు, ఈ ఊళ్ళో సగం బాత్రూములు తన చేతి మీదుగా లేచినవే. ఆ పైపు చివరికి ఎక్కడిదాకా వెళ్ళిందో చూడాలట. ముప్పై ఏళ్ళ తర్వాత పైపు మీద బెంగ పెట్టుకున్న మనిషిని నేనింకెక్కడా చూళ్ళేదు. సరే అన్నాను. సరే అనిపించుకునేదాకా వదిలే రకం కాదు.

ఫిబ్రవరి 4, బుధవారం. ఉదయం 6:40, డయాలసిస్ బయట కారిడార్

వదినకి జలుబు. అందుకని ఇవాళ నేనొచ్చాను. ఇనప కుర్చీలు, నడుం విరిగేలా ఉన్నాయి. ఆరేళ్ళుగా వదిన వీటి మీద ఎలా కూర్చుంటోందో ఏమో.

మెషిన్‌కి రక్తం తీయడానికి చేతిలో పెట్టిన ఫిస్టులాలు రెండూ మూసుకుపోయాయి కాబట్టి ఇప్పుడు మెడలో కాథెటర్ గొట్టం. జనవరిలో దాంతో ఒకసారి ఇన్ఫెక్షన్ వచ్చి చలిజ్వరంతో మంచం ఎగిరిపడేలా వణికాడు. గుండె పావు వంతే పనిచేస్తోందని ట్రాన్స్‌ప్లాంట్ ఎప్పుడో కుదరదన్నారు. నేను కిడ్నీ ఇస్తానంటే నాకు షుగర్ ఉందని నన్నూ పక్కన పెట్టారు. అన్నాచెల్లెళ్ళం ఇద్దరం ఇద్దరమే, నాన్న ఏ ముహూర్తాన కన్నాడో.

లోపల ఆర్వో ప్లాంట్ శబ్దం చేస్తోంది. దాని వాల్వు పోయిందని అన్నయ్య టెక్నీషియన్‌కి మూడుసార్లు చెప్పాడట. తన ఒంట్లో రక్తం బయట తిరుగుతుంటే ఈయన ధ్యాస పైపుల మీద.

టెక్నీషియన్ మంచి మాట చెప్పాడు. ఊళ్ళు తిరిగే పేషెంట్లు ముందే ఫోన్ చేసి, దార్లో ఉన్న సెంటర్లలో స్లాట్ బుక్ చేసుకుంటారట. రిపోర్టులు పంపాలి, డాక్టర్ లెటర్ కావాలి, అంతే. అయితే ఇంకేం.

ఫిబ్రవరి 8, ఆదివారం

పెద్ద మ్యాప్ కొని అన్నయ్య వాళ్ళ ముందుగది గోడకి అంటించాను. ఎనిమిది రోజులు. శనివారం బయల్దేరాలి. దార్లో సోమ, బుధ, శుక్ర మూడు డయాలసిస్‌లు, మూడు ఊళ్ళు: ఓడరేవు దాటాక వచ్చే ఊరు, ఉప్పుమళ్ళ ఊరు, కొసకి దగ్గర్లో ఇంకోటి. సముద్రం పక్కన నీలం పెన్నుతో గీత. మా డ్రైవింగ్ స్కూల్ కారే తీసుకెళ్తా, ఓనర్ కాదనడు. పంతొమ్మిదేళ్ళుగా ఆయన దగ్గర జనానికి క్లచ్చూ బ్రేకూ నేర్పుతున్నాను, నేను మానేస్తే ఆయనే కూర్చోవాలి పక్క సీట్లో. ఆయనకంత ధైర్యం లేదు.

అన్నయ్య కుర్చీ గోడ దగ్గరికి లాక్కుని గంటసేపు ఆ గీతనే చూశాడు. చాలా రోజులకి తన మొహం వెలిగింది. నాకూ బాగుంది, అబద్ధమెందుకు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

సెంటర్లకి ఫోన్ చేసి చేసి తల ప్రాణం తోకకొచ్చింది. ఒకరు హెపటైటిస్ రిపోర్ట్ నెల లోపుది కావాలంటారు. ఒకరు చివరి మూడు సెషన్ల షీట్లు కావాలంటారు. ఒకామె పేషెంట్ నడుస్తాడా అని అడిగింది. నడుస్తాడమ్మా, నడవకపోతే నేను మోస్తాను, స్లాట్ ఇవ్వు అన్నాను. పెట్టేసింది. మళ్ళీ చేసి సారీ చెప్పుకోవాల్సొచ్చింది.

ఫిబ్రవరి 17, మంగళవారం

ఉప్పుమళ్ళ ఊరివాళ్ళు కాదన్నారు. మెడలో కాథెటర్ ఉన్నవాళ్ళని తీసుకోరట.

ఫిబ్రవరి 19, గురువారం

దొరికింది! జంక్షన్ ఊళ్ళో, బుధవారం, కాథెటరైనా ఫర్వాలేదన్నారు. సముద్రం నుంచి లోపలికి నలభై ఐదు కిలోమీటర్లు, అదొక్కటే. మంగళవారం మధ్యాహ్నమే హైవే ఎక్కేస్తే సరి. నీలం గీత కొంచెం చెరిపి, ఎర్ర పెన్నుతో పక్కకి తిప్పాను. వదిన టీ గ్లాసు చేతిలో పెట్టుకుని చూసింది. ఏం మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడటం నేనెప్పుడు విన్నాను గనక.

ఫిబ్రవరి 24, మంగళవారం

ఓడరేవు దాటాక ఉన్న సెంటర్ సోమవారం పొద్దున ఐదింటికే రమ్మంటోంది. అంటే ఆ ముక్క చీకట్లో దాటాలి. సరే. మూడోదానికి మధ్యాహ్నం షిఫ్టే ఉందట, అదీ లోపలికి డెబ్బై కిలోమీటర్లు. సరే. హైవే బాగుంటుంది, కుదుపులుండవు, అన్నయ్యకీ మంచిదే.

మూడూ కన్ఫర్మ్. మూడు సెంటర్ల పేర్లూ, ఫోన్ నంబర్లూ, టైములూ రాసి మ్యాప్ పక్కనే అంటించాను. డాక్టరుగారి లెటర్ ఒక్కటే బాకీ. మార్చి ఏడున బయల్దేరతాం. నన్ను నేనే మెచ్చుకున్నాను.

మార్చి 1, ఆదివారం

అన్నయ్య పురికొస అడిగాడు. పైపులు కొలవడానికి తన సంచిలో ఎప్పుడూ ఉండే ఉండ. నాకర్థం కాలేదు. గోడ దగ్గర నిలబడి, ముందు ఓడరేవు నుంచి కొస దాకా సముద్రపు ఒడ్డు వెంటే పురికొస పరిచి, గుర్తు కోసం ముడి వేశాడు. తర్వాత నా గీత వెంట పరిచాడు. సముద్రం ఆనుకుని ఉన్న ముక్కల దగ్గర మాత్రం ముళ్ళు వేశాడు. తొందరపడలేదు. కొలిచాడు.

ఆరువందల నలభైకి సముద్రం పక్కన నూట పదే ఉంది. అందులో నలభై చీకట్లో.

సముద్రమేది అని అడిగాడు. కోపంగా కాదు. నల్లా వేసి నీళ్ళు రాకపోతే ఇంటివాళ్ళు అడుగుతారే, అలా. స్లాట్లు అక్కడే ఉన్నాయి, నేనేం చేయను అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను, గొంతు లేచింది. వదిన వంటగదిలోంచి బయటికి రాలేదు.

మూడు వారాలుగా ఆ మ్యాప్ ముందు నిలబడ్డాను. నేను చూసింది ఆస్పత్రులనే. రోడ్డు నా చేతుల్లోనే ఊరి మీదికి వెళ్ళిపోయింది, నేను మెచ్చుకుంటూ కూర్చున్నాను. సిగ్గేసింది.

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. స్లాట్లు వద్దట. ఒక్కటీ వద్దట. రోడ్డు మొత్తం సముద్రం పక్కనే వెళ్దాం, డయాలసిస్ లేకుండా, ఎంతదాకా అయితే అంతదాకా అన్నాడు. తనకి పది రోజులుండొచ్చట, గుండె ఇలా ఉంది కాబట్టి వారమే కావచ్చట. లెక్కంతా వేసి పెట్టుకున్నాడు. జనవరి జ్వరం అప్పుడే నిర్ణయించుకున్నాడట.

చెప్పులేసుకుని వచ్చేశాను.

మార్చి 2, సోమవారం

వెళ్ళలేదు. వెళ్ళను.

మార్చి 4, బుధవారం

ఇవాళ ఓ కుర్రదాని మీద అరిచాను, రివర్స్ గేరు పడలేదని. ఏడ్చింది. మూడో రోజు క్లాసు పాపం, ఎవరికి పడుతుంది? ఓనర్ పిలిచి ఇంట్లో ఏమైనా గొడవా అని అడిగాడు. మీ పని మీరు చూసుకోండి అన్నాను.

మార్చి 6, శుక్రవారం

డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. మీ పేషెంట్‌కి మతి పోయింది, కాస్త గడ్డి పెట్టండి అని చెప్దామని. ఆయన ఫైలు మూసేసి నన్ను కూర్చోమన్నారు. అన్నయ్య నెల కిందటే చెప్పాడట. మతి బాగానే ఉందట, డిప్రెషన్ ఉందేమోనని వేరే డాక్టర్ చేత కూడా చూపించారట. ఈ కాథెటర్ పోతే ఇక మిగిలింది తొడ దగ్గర ఒక్కచోటేనట, అదీ నెలల మాటేనట. మానేసే హక్కు మనిషికి ఉంది, నేను బలవంతాన కట్టేయలేను అన్నారు. ఇంట్లోవాళ్ళకి చెప్పి తీసుకురమ్మంటే, చెల్లెలికి చెప్పడానికి భయంగా ఉంది, కొంచెం టైం ఇవ్వండి అన్నాడట అన్నయ్య.

నాకు భయపడ్డాడట. బైట స్కూటర్ స్టాండులో నిలబడి ఏడ్చాను. సెక్యూరిటీ అతను వచ్చి బండి స్టార్టవటం లేదా అని అడిగాడు. అవటం లేదన్నాను. కిక్ కొట్టి చూపించాడు.

మార్చి 7, శనివారం

ఇవాళ బయల్దేరాల్సిన రోజు. మంచం మీంచి లేవలేదు.

మార్చి 9, సోమవారం

పదకొండింటికి వదిన డ్రైవింగ్ స్కూలుకి వచ్చింది. అన్నయ్యని ఆస్పత్రి నుంచి ఇంట్లో దింపి, నేరుగా. లంచ్ బాక్స్ తెచ్చిందేమో అనుకున్నాను. కాదు. చేతిలో నింపిన ఫారం, రెండు ఫోటోలు, కళ్ళ పరీక్ష కాగితం. కారు నేర్చుకుంటుందట.

నలభై తొమ్మిదేళ్ళ మనిషి. సైకిల్ కూడా తొక్కి ఎరగదు. ఇంటికి పో వదినా, నవ్వులాటగా ఉందా అన్నాను. రెండు కాళ్ళున్న ఎవరినైనా చేర్చుకుంటాడు మా ఓనర్, నేను చూస్తుండగానే రసీదు రాసేశాడు. ఇన్‌స్ట్రక్టర్ ఎవరు కావాలని అడిగితే నన్ను చూపించింది.

మార్చి 12, గురువారం

క్లచ్ మెల్లగా వదులు వదినా అంటే స్టీరింగ్ వదిలేసింది. కారు గోడ దాకా వెళ్ళింది. నా వైపు బ్రేక్ ఉంది కాబట్టి ఇది రాస్తున్నాను.

మార్చి 16, సోమవారం

ఇవాళ పదకొండుసార్లు ఇంజన్ ఆపేసింది. వెనక లారీవాడు హారన్ కొట్టి కొట్టి చివరికి దిగొచ్చాడు. వదిన అద్దం దించి, నేను నేర్చుకుంటున్నాను నాయనా, నువ్వు పక్కనుంచి పో అని చెప్పింది. వాడు నోరు మూసుకుని పోయాడు. ఈ గొంతు ఎన్నాళ్ళుగా ఎక్కడ దాచిందో!

అన్నయ్యతో మాత్రం ఇంకా మాట్లాడటం లేదు.

మార్చి 19, గురువారం

ఇవాళ పాత మిల్లు వెనక ఖాళీ స్థలంలో పార్కింగ్. మూడోసారికి సరిగ్గా పెట్టింది. ఇంజన్ ఆపి, స్టీరింగ్ మీంచి చేతులు తియ్యకుండా మాట్లాడింది. వదిన అంతసేపు మాట్లాడటం పెళ్ళైన పాతికేళ్ళలో ఇదే మొదటిసారి.

ఆరేళ్ళుగా తను పెళ్ళాం కాదట, పోలీసట. గ్లాసు లాక్కోవడం, పండు లాక్కోవడం, ఫ్రిజ్‌కి తాళం. ఒకరోజు బాత్రూంలో షవర్ కింద నోరు తెరుచుకుని నిలబడ్డ మొగుణ్ణి చెయ్యి పట్టి లాక్కొచ్చిందట. ఆ పూట అన్నయ్య పసిపిల్లాడిలా ఏడ్చాడట. నాకెవ్వరూ చెప్పలేదు. ఒక్క వారం పెళ్ళాంలా పక్కన కూర్చోవాలని ఉంది అంది. నువ్వు రాకపోతే నేనే నడుపుకుంటూ తీసుకెళ్తాను, అందుకే నేర్చుకుంటున్నాను అంది.

లెర్నర్స్ లైసెన్స్‌తో ఒక్కదానివే వెళ్తే చట్టం ఒప్పుకోదు అన్నాను. నా నోట్లోంచి అదే వచ్చింది, చట్టం. వదిన నా వైపు చూసి, అయితే పక్కన ఒకరు కూర్చోవాలి కదా అంది.

నేను వదిన మీద పడి ఏడ్చాను. హారన్ మోగింది, ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

మార్చి 21, శనివారం

అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. మూడు వారాలకి. వచ్చావా అన్నాడు, అంతే. పక్కన కూర్చుని భయం లేదా అని అడిగాను. ఉంది అన్నాడు. ఊపిరాడకపోతే ఎలా అని ఉందట. దానికి డాక్టరుగారు మందిస్తానన్నారట, చాలామంది నిద్రలోకే జారిపోతారని చెప్పారట. అయినా భయమేనన్నాడు. మెషిన్ మీద ఉన్నప్పుడూ భయమే, ఇది కొత్తదేం కాదన్నాడు.

నేనొక షరతు పెట్టాను. రోజూ పొద్దున ఒకసారి అడుగుతాను, ఆస్పత్రికి తిప్పమంటావా అని. తిప్పమంటే మారు మాట లేకుండా తిప్పేస్తాను, ఎవరూ దెప్పరు. ఒప్పుకున్నాడు. కానీ ఒక్కసారే అడగాలట. నా సంగతి తనకి తెలుసట, చెవిలో జోరీగలా రోజంతా అడుగుతానట.

మార్చి 23, సోమవారం

మూడు ఫోన్లు చేశాను. మూడు సెంటర్లలో రిపోర్టులు తీసేయమన్నాను. ఒకామె కారణం అడిగింది. ప్రోగ్రాం మారిందన్నాను.

మార్చి 27, శుక్రవారం

కొత్త ప్లాన్ ఒక పేజీ కూడా లేదు. రోజుకి తొంభై, వంద కిలోమీటర్లు. ఒడ్డున ఎక్కడ గదులుంటే అక్కడ పడుకోవడం. డాక్టరుగారు ఆయాసానికి చుక్కల మందు రాసి, ఎప్పుడు ఎన్ని వెయ్యాలో నా చేత రెండుసార్లు అప్పజెప్పించుకున్నారు. తన ఫోన్ ఎప్పుడూ ఆన్‌లో ఉంటుందన్నారు. లేచి నిలబడి చెయ్యి కలిపారు. నాకది నచ్చలేదు.

వదిన నాలుగో గేరు దాకా వచ్చింది.

ఏప్రిల్ 3, శుక్రవారం. ఉదయం 10:15

చివరిది అయిపోయింది. అన్నయ్య టెక్నీషియన్‌కి సెలవు చెప్పి, ఆర్వో ప్లాంట్ వాల్వు మార్పించమని మళ్ళీ చెప్పాడు. ఆ అబ్బాయి తల దించుకుని బ్యాండేజీ వేస్తూనే ఉన్నాడు. వేసిన బ్యాండేజీ మీదే ఇంకోటి వేశాడు.

ఏప్రిల్ 4, శనివారం

ఓడరేవు. మలుపు తిరగ్గానే ఎదురుగా సముద్రం.

పన్నెండో కిలోమీటరు దగ్గర ఆపమన్నాడు. తను దిగిన కందకం ఉన్నచోట ఇప్పుడు పెట్రోల్ బంకు. ఇక్కడే, ఇక్కడే అని రెండుసార్లు అన్నాడు. తర్వాత వదిన ఫ్లాస్కులోంచి ఒక నిండు గ్లాసు చల్లటి నీళ్ళు ఇచ్చింది. కొలవలేదు. సగం తాగి, చాలు, అలవాటు తప్పింది అన్నాడు. మిగతా సగం వదిన తాగింది.

ఏప్రిల్ 5, ఆదివారం

పొద్దున అడిగాను, ఆస్పత్రికి తిప్పనా అని. పోనీ అన్నాడు.

రోడ్డు పక్కన పైపు వెంటే వస్తోంది. కల్వర్టుల దగ్గర బయటికి కనిపిస్తుంది, నల్లగా, లావుగా. అన్నయ్యకి ప్రతి జాయింటూ చూడాలి. ఒక వాల్వు చాంబర్లోంచి నీళ్ళు కారుతుంటే కారు ఆపించి, నీళ్ళపాలు చేస్తున్నారు వెధవలు, పానా తెమ్మన్నాడు. పానా ఎక్కడినుంచి తేను! జాకీ రాడ్డుతో బిగించబోయాడు. పాదాలు చెప్పుల్లో పట్టనంత ఉబ్బాయి. అయినా బిగించాడు, కొంచెం తగ్గింది కూడా.

ఏప్రిల్ 6, సోమవారం

ఆరింటికి మెలకువొచ్చింది. ముగ్గురికీ. మెషిన్ టైం. పడుకుని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అడిగాను. పోనీ అన్నాడు.

పదకొండింటికి పైపు అయిపోయింది. ఒక చిన్న ఊరి బయట వాటర్ ట్యాంకులోకి ఎక్కి అక్కడితో సరి. రెండువందల ఇరవై కిలోమీటర్లే. కొస దాకా వెళ్ళి ఉంటుందని ముప్పై ఏళ్ళు అనుకున్నాడు. ఇంతేనా అన్నాడు. చాలాసేపు ఆ ట్యాంకు వైపే చూశాడు. దీనికోసమా ఇంత దూరం అనిపించింది నాకు. తర్వాత కారెక్కి, రోడ్డుందిగా పదండి అన్నాడు.

ఏప్రిల్ 7, మంగళవారం

అడిగితే, తెలీదు అన్నాడు.

పోనీ అనలేదు, తిప్పు అనలేదు. కాసేపు నడుపు, చెప్తానన్నాడు. నడిపాను. గంట. రెండు గంటలు. వెనక సీట్లో వదిన ఒళ్ళో తల పెట్టుకుని ఒగురుస్తున్నాడు. ప్రతి బోర్డు దగ్గరా నా కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీంచి లేచింది. మందు వేశాం. మధ్యాహ్నం లేచి కూర్చుని, ఇక్కడ ఇసక ఎర్రగా ఉందేమిటని అడిగాడు. వదిన కిటికీ పూర్తిగా దించింది. పోనీ అన్నాడు అప్పుడు.

ఏప్రిల్ 8, బుధవారం

పోనీ అన్నాడు. ఎక్కువ నిద్రే. వదిన చేతిని మాత్రం వదలడం లేదు. ఇవాళ ఇద్దరూ దేనికో నవ్వుకున్నారు, నేను అద్దంలో చూశాను. దేనికని అడగలేదు.

ఏప్రిల్ 9, గురువారం

అడిగాను. జవాబు లేదు. నా మొహం చూసి, పానా ఇటివ్వరా అన్నాడు. ఎవరితోనో కందకంలో ఉన్నాడు. వెక్కిళ్ళు, ఆగడం లేదు.

పదిన్నరకి జంక్షన్ వచ్చింది. పెద్దాస్పత్రి, యాభై రెండు కిలోమీటర్లు, బాణం గుర్తు లోపలికి. ఆపాను. జవాబు చెప్పలేని మనిషి తరఫున నేనెలా చెప్పను? నిన్న పోనీ అన్నాడుగా అంది వదిన. నిన్నటిది నిన్నటికే, ఇవాళ ఇవాళే అన్నాను. పెద్దగా అరిచాను. ఇంకో నాలుగు గంటలు మెషిన్ మీద పెడితే రేపు నాతో మాట్లాడతాడు, నాకది కావాలి అన్నాను. నాకు కావాలి అన్నాను, తనకి అని కాదు. తిప్పేశాను.

నాలుగు కిలోమీటర్లు వెళ్ళాం. రెండు పక్కలా ఇళ్ళు, దుకాణాలు, సిమెంటు లారీలు. వెనక కదలిక. అన్నయ్య కళ్ళు తెరిచి ఉన్నాడు. కిటికీలోంచి ఇటూ అటూ చూసి, ఎటు పోయింది అని అడిగాడు. మామూలు గొంతుతో, మాట ముద్దకాకుండా. ఎటు పోయింది చెల్లీ.

రోడ్డు మీదే అడ్డంగా తిప్పేశాను. లారీవాళ్ళు తిట్టారు. నా దగ్గర నేర్చుకున్నవాడెవడైనా అలా తిప్పి ఉంటే చెంప పగలగొట్టేదాన్ని. ఒడ్డు రోడ్డు ఎక్కగానే పక్కకి తీసి ఆపాను. వదిన దిగొచ్చి, లే, నేను నడుపుతాను అంది.

ఏప్రిల్ 10, శుక్రవారం

పొద్దున్నించీ వదినే నడుపుతోంది. నేను వెనక, అన్నయ్య తల నా భుజం మీద. మధ్యాహ్నం రెండూ పదికి ఊపిరి ఆగింది. మళ్ళీ వస్తుందేమోనని చూశాను. రాలేదు. వదినకి చెప్పాను. అద్దంలోంచి ఒకసారి చూసింది. కొసకి ఇంకా ముప్పై ఎనిమిది కిలోమీటర్లుంది. వదిన కారు ఆపలేదు. నేనూ ఆపమనలేదు.